కరగని పదార్థాన్ని తినే ఎంజైమ్‌ని ఉపరితలం మీదే చూడాలి

విశాఖ ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్ళినవాళ్ళకి రొయ్య పొట్టు వాసన గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ పొట్టులో కైటిన్ అనే పదార్థం ఉంటుంది. అది నీళ్ళలో కరగదు, మామూలు సాల్వెంట్లలోనూ కరగదు. దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ పేరు కైటినేజ్. మన వైపు లైఫ్ సైన్సెస్ చదివే పిల్లలు తీరం మట్టి నుంచో పొట్టు కుప్ప నుంచో ఒక బాక్టీరియాని వేరుచేసి, దాని కైటినేజ్ మీద ప్రాజెక్టు చేయడం మామూలే. కొలిచే పద్ధతి కూడా మామూలే. నైట్రోఫినాల్ తగిలించిన ఒక చిన్న చక్కెర అణువుని కొంటారు, బఫర్‌లో, అంటే ఆమ్లత్వం మారకుండా నిలిపే ద్రావణంలో కరిగిస్తారు, ఎంజైమ్ కలుపుతారు, 405 నానోమీటర్ల దగ్గర పసుపు రంగు ఎంత పెరిగిందో స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూస్తారు. ఒక కేఎమ్ (సగం వేగానికి కావలసిన గాఢత), ఒక వీమ్యాక్స్ (గరిష్ఠ వేగం) వస్తాయి. థీసిస్‌లో టేబుల్‌కి ఎక్కుతాయి.

ఆ టేబుల్ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆ ఎంజైమ్ తన జీవితంలో నైట్రోఫినాల్‌ని ఎప్పుడూ చూడదు. దాని పనంతా ఒక గట్టి ఉపరితలం మీద జరుగుతుంది. ముందు పొట్టుకి అతుక్కోవాలి, ఒక గొలుసు కొసని పట్టుకోవాలి, కత్తిరించాలి, వదిలి ఇంకోచోటికి పోవాలి. కరిగిన చిన్న అణువుతో కొలిచినప్పుడు ఇందులో కత్తిరించడం ఒక్కటే కనిపిస్తుంది. ఇంకొందరు కైటిన్‌ని యాసిడ్‌తో బురదలా చేసి, గంటసేపు ఎంజైమ్‌తో ఉంచి, విడుదలైన చక్కెరని, దానితో కలిసి రంగు మారే డీఎన్‌ఎస్ అనే రసాయనంతో కొలుస్తారు. అది నయమే, కనీసం అసలు పదార్థం మీదే కొలుస్తున్నారు. కానీ దొరికేది గంట చివర్లో ఒక్క అంకె. ఆ గంటలో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో అందులో ఉండదు.

స్టార్చ్, సెల్యులోజ్, కొవ్వు, బట్ట మీద మరక, ప్లాస్టిక్ సీసా ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి. వీటి మీద పనిచేసే ఎంజైమ్‌లని కాంతి ఆధారంగా పనిచేసే ఉపరితల సెన్సర్ల మీద చూడడం మన ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లోకి రావాలని నా వాదన. ఖరీదైన రీసెర్చ్ వ్యవహారం అని పక్కన పెట్టడానికి కారణం లేదని కూడా అంటాను.

ఎంజైమ్ కైనెటిక్స్, అంటే ఎంజైమ్‌ల వేగాన్ని లెక్కకట్టే శాస్త్రం, పుట్టిందే కాంతితో. 1913లో బెర్లిన్‌లో మైకేలిస్, మెంటెన్ చక్కెరని విడగొట్టే ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ మీద పనిచేసినప్పుడు వాళ్ళ పరికరం పోలారిమీటర్. చక్కెర విడిపోతుంటే ద్రావణం కాంతి తలాన్ని తిప్పే కోణం మారుతుంది, ఆ కోణాన్ని చదివారు. అప్పుడే పుట్టిన గ్లూకోజ్ తన రూపం మార్చుకుంటూ ఉండడం వల్ల కోణం తప్పు చూపుతుందని గ్రహించి, శాంపిల్‌లో క్షారం కలిపి రియాక్షన్ ఆపి, కోణం నిలకడకి వచ్చాక కొలిచారు. సెన్సర్ చూపేది దేన్ని, మనం అనుకునేది దేన్ని అని వాళ్ళు పడిన ఆ జాగ్రత్త నాకు వాళ్ళ పేరుతో ఉన్న వేగ సమీకరణం కన్నా ఎక్కువ ఇష్టం.

తర్వాత మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో 1925లో ఫాస్ఫేట్‌ని నీలం రంగుగా మార్చి కొలిచే పద్ధతి ఇచ్చారు. ఫాస్ఫేట్‌ని విడగొట్టే ఎన్నో ఎంజైమ్‌ల పని ఆ నీలం రంగు చూసే లెక్కకట్టారు. ఇప్పటికీ కడుతున్నారు. అదే 1925లో బ్రిగ్స్, హాల్డేన్ మైకేలిస్ సమీకరణానికి స్థిర స్థితి (ఎంజైమ్, అది పట్టుకున్న అణువు కలిసిన జంట ఎంత పుడుతోందో అంతే విడిపోతూ ఉండే దశ) అనే ఆధారం ఇచ్చారు. ఆ హాల్డేన్ 1957లో ఇండియా వచ్చేశారు, 1964లో భువనేశ్వర్‌లో పోయారు, ఆయన దేహం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి వచ్చింది. మన పక్క ఊరితో ఆయనకి ఉన్న ఈ బంధం క్లాసులో చెబితే పిల్లలు ఆ సమీకరణాన్ని కాస్త దగ్గరగా చూస్తారు.

ఈ సంప్రదాయం అంతా ఒక షరతు మీద నిలబడింది. సబ్‌స్ట్రేట్, అంటే ఎంజైమ్ పనిచేసే పదార్థం, బోలెడు ఉండాలి, ఎంజైమ్ పిసరంత ఉండాలి, రెండూ ఒకే ద్రావణంలో కలిసిపోయి ఉండాలి. గట్టి పదార్థం మీద ఈ షరతు నిలవదు. కొవ్వుల విషయంలో ఇది 1958లోనే స్పష్టమైంది. సార్డా, డెన్యుయెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు పాంక్రియాస్ లైపేజ్‌కి (కొవ్వుని విడగొట్టే ఎంజైమ్) కొవ్వు కోవకే చెందిన ఎస్టర్‌ని కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చి చూశారు. ఎస్టర్ పూర్తిగా కరిగి ఉన్నంతవరకు ఎంజైమ్ పెద్దగా పనిచేయలేదు. కరిగే హద్దు దాటి చుక్కలుగా విడివడగానే ఒక్కసారిగా విజృంభించింది. దానికి కావలసింది నూనెకీ నీళ్ళకీ మధ్య ఉండే ఆ హద్దు. లైపేజ్‌ని పూర్తిగా కరిగిన ఎస్టర్‌తో మాత్రమే కొలిచి "యాక్టివిటీ తక్కువ" అని రాసేవాళ్ళు ఈ ప్రయోగాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఇక సెన్సర్ సంగతి. పేరు సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్. గాజు పట్టకం మీద సుమారు 50 నానోమీటర్ల మందం బంగారు పూత. గాజు వైపు నుంచి ఎర్ర లేజర్ కాంతిని ఏటవాలుగా పంపితే సంపూర్ణాంతర పరావర్తనం జరిగి కాంతి వెనక్కి రావాలి. కానీ ఒక ప్రత్యేక కోణం దగ్గర ఆ కాంతి శక్తిని బంగారంలోని ఎలక్ట్రాన్లు ఒక అలగా తీసేసుకుంటాయి. ఆ కోణం దగ్గర వెనక్కి వచ్చే కాంతి దాదాపు ఆరిపోతుంది. ఆ చీకటి కోణం ఎక్కడ పడుతుందనేది బంగారానికి అవతలివైపు ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. మామూలు గాజుతో, 633 నానోమీటర్ల లేజర్‌తో చేస్తే అవతల గాలి ఉన్నప్పుడు 44 డిగ్రీల దగ్గర, నీళ్ళు ఉన్నప్పుడు 72 డిగ్రీల దగ్గర పడుతుంది. క్రెట్ష్‌మన్, ఓటో జర్మనీలో వేర్వేరుగా 1968 ప్రాంతంలో ఈ అమరికలు చూపించారు. 1983లో స్వీడన్‌లో లీడ్‌బర్గ్ బృందం దీన్ని ప్రొటీన్లు పట్టే సెన్సర్‌గా వాడింది. 1990లో అక్కడి నుంచే బయాకోర్ మెషిన్ మార్కెట్లోకి వచ్చింది.

ఎంజైమ్ కోసం చూసేవాళ్ళకి ఇందులో ముఖ్యమైన సంగతి, ఈ సెన్సర్ చూపు చాలా పొట్టిది. బంగారం నుంచి రెండు వందల నానోమీటర్ల దాకానే దానికి కనిపిస్తుంది. ఆ పైన పారే ద్రావణం ఎంత ఉన్నా దాదాపు లెక్కలోకి రాదు. రంగు కలపక్కర్లేదు, ట్యాగ్ తగిలించక్కర్లేదు. పొర బరువు మారితే వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, మారుతుంది, చీకటి కోణం జరుగుతుంది. బయాకోర్ లాంటి కంపెనీ మెషిన్‌లో ఒక యూనిట్ అంటే ప్రొటీన్ విషయంలో చదరపు మిల్లీమీటరుకి సుమారు ఒక పికోగ్రామ్.

బంగారం మీద కైటిన్ పొర పరిచారనుకోండి. కైటిన్‌ని నేరుగా పరచలేం, కాబట్టి కైటిన్ నుంచే తయారయ్యే కైటోసాన్‌ని పలచని అసిటిక్ ఆమ్లంలో కరిగించి, స్లైడ్‌ని గిర్రున తిప్పి సన్నని పొరగా ఆరబెట్టి, మిథనాల్‌లో అసిటిక్ అన్‌హైడ్రైడ్ పట్టించి తిరిగి కైటిన్‌గా మార్చాలి. దాని మీద బఫర్ పారుతున్నంతసేపూ, చీకటి కోణం ఎటు జరుగుతోందో కంప్యూటర్ మీద చూపే గీత తిన్నగా పోతుంది. ఎంజైమ్ లోపలికి రాగానే గీత పైకి లేస్తుంది. అణువులు వచ్చి పొరకి అతుక్కుంటున్నాయన్నమాట. కాసేపటికి లేవడం మందగిస్తుంది, ఒకచోట నిలుస్తుంది, ఆపైన దిగడం మొదలుపెడుతుంది. ఎంజైమ్ ఇంకా వస్తూనే ఉంది, అయినా బరువు తగ్గుతోంది, ఎందుకంటే పొరలోంచి చిన్న చక్కెర ముక్కలు తెగి ప్రవాహంలో కొట్టుకుపోతున్నాయి. బఫర్‌కి మార్చి ఎంజైమ్‌ని కడిగేశాక చూస్తే గీత మొదలైన మట్టానికన్నా కిందికి పోయి నిలుస్తుంది. ఎంత కిందికి పోయిందో అంత పొర తిన్నట్టు. ఈ గీత మొదటిసారి చూసినప్పుడు పిల్లలు ముందు స్క్రీన్‌నీ తర్వాత నన్నూ చూస్తారు. అతుక్కోవడం, కోయడం, వదలడం అనే మూడు మాటలూ ఒకే గీతలో వరసగా కనిపిస్తాయి.

అసలు లాభం ఇక్కడుంది. అదే పొర మీదికి ఆ కైటినేజ్‌నే, కత్తిరించే చోట ఉండే గ్లూటమిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం బదులు గ్లూటమిన్ పెట్టిన రకాన్ని పంపండి. అది అతుక్కుంటుంది, కొయ్యలేదు. గీత లేచి అక్కడే ఉంటుంది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే అతుక్కునే వేగం ఎంత, కోసే వేగం ఎంత అని విడదీయొచ్చు. ఎంజైమ్‌ని ఆపే మందుల విషయం కూడా అంతే. క్యూవెట్‌లో (స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టే చిన్న పాత్ర) రెండు ఇన్హిబిటర్లు, అంటే ఆపే మందులు, రెండూ పసుపు రంగుని సగానికి తగ్గించాయంటే రెండూ ఒకటే అనిపిస్తుంది. ఉపరితలం మీద ఒకటి గీతని లేవనివ్వదు, అంటే అతుక్కోవడాన్నే అడ్డుకుంటోంది. ఇంకొకటి లేవనిచ్చి దిగనివ్వదు, అంటే కోతని అడ్డుకుంటోంది. ఔషధ పరిశోధనలోకి వెళ్ళే పిల్లలకి ఈ తేడా తెలియకపోతే ఎలా?

వదలడం కూడా చిన్న విషయం కాదు. సెల్యులోజ్ గొలుసు వెంట కోసుకుంటూ పోయే ఎంజైమ్‌లు మధ్యలో ఏదో అడ్డు తగిలి ఇరుక్కుపోతాయి, పట్టు వదిలి బయటపడడానికి సమయం పడుతుంది. చాలా సందర్భాల్లో మొత్తం పనిని నెమ్మది చేసేది ఆ వదలడమే అని తేలింది. గట్టిగా పట్టుకునే ఎంజైమే మంచి ఎంజైమ్ అనుకుని డిజైన్ చేసేవాళ్ళకి ఇది ఎదురుదెబ్బ. బీచ్ రోడ్డులో కుప్పపడే పెట్ సీసాల గురించి ఆలోచించేవాళ్ళకీ ఇదే ప్రశ్న వస్తుంది. 2016లో జపాన్ శాస్త్రవేత్తలు పెట్ తినే బాక్టీరియాని ప్రకటించాక ఆ ఎంజైమ్‌లని మెరుగుపరిచే పోటీ మొదలైంది. ప్లాస్టిక్ పొర మీద ఎంజైమ్ ఎంతసేపు కూర్చుని ఏం చేస్తోందో చూడకుండా ఆ మెరుగుదలని ఎలా అర్థం చేసుకుంటాం?

లెక్కలు మారతాయి, అది ఒప్పుకోవాలి. పొర మీద సబ్‌స్ట్రేట్ చదరపు మిల్లీమీటరుకి నానోగ్రాముల్లో ఉంటుంది. ఎంజైమ్ పైనుంచి ధారగా వస్తూనే ఉంటుంది. మైకేలిస్ షరతు తిరగబడిందన్నమాట. అందుకే ఇక్కడ సబ్‌స్ట్రేట్ బదులు ఎంజైమ్ గాఢతని మార్చుతూ కొలుస్తారు. అమెరికాలో రాబర్ట్ కార్న్ బృందం 2005 ప్రాంతంలో డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ పొరలని కోసే ఎంజైమ్‌ల మీద ఈ పని చక్కగా చేసింది. అతుక్కోవడానికి, ఉపరితలం మీద అణువులు ఎంత చేరతాయో చెప్పే లాంగ్‌మ్యూర్ సమీకరణాన్ని, కోతకి మైకేలిస్ ఆలోచనని జోడించి, అతుక్కునే వేగం, విడిపోయే వేగం, కోసే వేగం మూడింటినీ వేరువేరుగా రాబట్టింది. ఎమ్మెస్సీ పిల్లలకి ఇది కొరుకుడుపడని గణితం ఏమీ కాదు.

నా మిత్రుల్లో ఈ పద్ధతిని నమ్మనివాళ్ళు ఉన్నారు. ఉపరితలం మీద అంతా కలగాపులగం, ఏది నిజమో చెప్పలేం అంటారు. వాళ్ళ భయానికి చరిత్రలో గట్టి ఆధారమే ఉంది. 1940లలో రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో అలెగ్జాండర్ రోథెన్ ఎలిప్సోమీటర్‌తో పలచని ప్రొటీన్ పొరల మందం కొలిచేవారు. ఆ పరికరానికి ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ప్రొటీన్ పొర మీద సన్నని ప్లాస్టిక్ పొర కప్పి, దాని మీద ప్రొటీన్లని కోసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ పోస్తే, కింద ఉన్న ప్రొటీన్ దెబ్బతిన్నట్టు కనిపించింది. ఎంజైమ్ తాకకుండానే, దూరం నుంచే పనిచేస్తోందని ఆయన ప్రకటించారు. కొన్నేళ్ళు దీని మీద పెద్ద వాదన నడిచింది. చివరికి ఇతరులు పరీక్షించి చూస్తే ఆ ప్లాస్టిక్ పొరలు అనుకున్నంత పకడ్బందీగా లేవు. ఎంజైమ్ సందుల్లోంచి కిందికి దిగుతోంది. పరికరం చూపిన మందం సరైనదే. మధ్యలో ఉన్న పొర గురించి పెట్టుకున్న నమ్మకం తప్పు.

ఈ కథ నేను ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. దీని వల్ల పద్ధతిని వదిలేయాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఏమేం సరిచూడాలో మాత్రం ఇది బాగా నేర్పుతుంది. మన గీత దిగింది అంటే పొర తెగిందనే అర్థం రానక్కర్లేదు. పొర నీరు పట్టి ఉబ్బినా గుణకం తగ్గి గీత దిగుతుంది. అందుకే అవతల కారిపోయే బఫర్‌ని పట్టి, అందులో చక్కెర నిజంగా ఉందా అని వేరే పద్ధతిలో చూసి తీరాలి. ప్రవాహం వేగం మార్చినప్పుడు గీత వాలు మారిందంటే మనం కొలుస్తున్నది ఎంజైమ్ వేగం అయివుండదు, అది పొర దాకా చేరే వేగం. కైటిన్ లేని పక్క ఛానెల్‌లో అదే ఎంజైమ్‌ని పంపి, ఉత్త బంగారానికో బఫర్ తేడాకో వచ్చే మార్పుని తీసేయాలి. ఇవి లేకుండా వచ్చిన వేగాలని నేను వైవాలో ఒప్పుకోను.

మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే నీటి వక్రీభవన గుణకం పదివేలలో ఒక వంతు మారుతుంది. మెషిన్ యూనిట్లలో అది సుమారు వంద. మే నెల ఉక్కలో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే గీత దానంతటదే కొట్టుకుపోతుంది, కొత్తవాళ్ళు దాన్ని ఎంజైమ్ పనే అనుకుంటారు. బఫర్‌నీ ఎంజైమ్‌నీ పట్టకాన్నీ ఒకే గదిలో చాలాసేపు ఉంచి, అన్నీ ఒకే వేడికి వచ్చాక మొదలుపెట్టాలి. పక్క ఛానెల్ ఉంటే ఈ టెన్షన్ సగానికి సగం తగ్గుతుంది.

ఈ సెన్సర్‌ని అన్నిటికీ వాడమని నేను అనడం లేదు. ఎంజైమ్‌నే బంగారానికి కట్టేసి, పైనుంచి గ్లూకోజ్ లాంటి చిన్న అణువుని పంపి, రియాక్షన్ చూస్తామనేవాళ్ళు ఉన్నారు. గ్లూకోజ్ అణుభారం 180. దాన్ని పట్టుకునే గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ది లక్షన్నర పైమాటే. వచ్చి పోయే ఆ చిన్న బరువు గీతలో దాదాపు కనిపించదు, పుట్టిన పదార్థం కొట్టుకుపోతుంది. అలాంటి చోట పాత స్పెక్ట్రోఫోటోమీటరే మేలు.

ఖర్చు దగ్గరికి వద్దాం. నాకు తెలిసిన ఒక విద్యాసంస్థలో పెద్ద మెషిన్ ఉంది. చిప్‌లు దిగుమతి చేసుకోవాలి, మెయింటెనెన్స్ కాంట్రాక్టు డబ్బు రావాలి, ఆపరేటర్ ఉండాలి. ఇవి మూడూ ఒకేసారి కుదరక ఆ గది ఎక్కువ కాలం తాళం వేసే ఉంటుంది. పిల్లలు స్లైడ్ బొమ్మలు చూసి పరీక్ష రాస్తారు. ఈ పరిస్థితి నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే పొర తినే ఎంజైమ్‌ల కోసం అంత పెద్ద మెషిన్ అవసరం లేదు. చిన్న మందు అణువు ప్రొటీన్‌కి అతుక్కోవడం చూడాలంటే కొన్ని యూనిట్ల తేడా పట్టాలి, దానికి కంపెనీ మెషిన్ కావాలి. పొర కరిగిపోవడం అంటే వందల్లో, వేలల్లో మార్పు. టేబుల్ మీద మనం అమర్చుకునే సెట్ కూడా దాన్ని పట్టేస్తుంది.

కావలసిన సామాను పెద్దగా లేదు. ఒక గాజు పట్టకం, ఎర్ర లేజర్, పోలరైజర్, కాంతిని విసనకర్రలా విప్పి పంపే ఒక లెన్స్, ఎదురుగా ఒక కెమెరా. అప్పుడు కోణం తిప్పే పనే ఉండదు, వెలుగు మచ్చలో చీకటి గీత నిలువుగా కనిపిస్తుంది, అది అటూ ఇటూ జరగడాన్ని కెమెరా రికార్డు చేస్తుంది. పట్టకానికీ స్లైడ్‌కీ మధ్య మైక్రోస్కోప్ ఇమ్మర్షన్ ఆయిల్ చుక్క వేస్తే సరిపోతుంది, దాని గుణకం గాజుతో కలుస్తుంది. బంగారు పూత వేసే వ్యాక్యూమ్ కోటింగ్ యూనిట్లు ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్లలో ఉంటాయి. బయోకెమిస్ట్రీ వాళ్ళు అటు వెళ్ళి అడగాలి. ముందు క్రోమియం రెండు మూడు నానోమీటర్లు, ఆపైన బంగారం 50 నానోమీటర్లు కావాలని రాసిచ్చి అడిగితే పని జరుగుతుంది.

మొదటి ప్రాక్టికల్‌గా కైటిన్ వద్దు, పొర పరచడం కష్టం. జెలటిన్ పొర, ట్రిప్సిన్ ఎంజైమ్‌తో మొదలుపెట్టాలి. రెండూ ఏ ల్యాబ్‌లోనైనా దొరుకుతాయి. ఒక పూట జెలటిన్ పొర ఆరబెట్టడం, బఫర్ పంపి గీత నిలకడకి వచ్చేదాకా ఆగడం. ఇంకో పూట ట్రిప్సిన్‌ని మూడు నాలుగు గాఢతల్లో పంపి గీతలు తీయడం, వేగాలు లెక్కకట్టడం. మూడో పూట అదే ట్రిప్సిన్‌ని కరిగిన కృత్రిమ సబ్‌స్ట్రేట్‌తో క్యూవెట్‌లో కొలిచి, రెండు ఫలితాలు ఎక్కడ కలిశాయో ఎక్కడ విడిపోయాయో రాయడం. దీనికి ప్రాక్టికల్ షీట్ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసివ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. కోటింగ్ యూనిట్ పనిచేసే స్థితిలో ఉన్న డిపార్ట్‌మెంట్ ఏదైనా ముందుకొచ్చి పది స్లైడ్లు ఇస్తే, వచ్చే సెమిస్టర్‌లోనే పెట్టేయొచ్చు.